చెరిగి ఇచ్చిన సామలు

మా వీధి చివరింటి అమ్మాయి సుజాతకు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. మొన్న చెప్పిపోవడానికి వచ్చి, "తాతా, ఇప్పుడు బొట్టు మూత్రం పోస్తే చాలు, ఒంట్ల జరిగే పనంత మిషనే గీత గీసి చూపిస్తది" అన్నది. "ఆ బొట్టు ఎవరిదో, రాత్రి వాడేం తిన్నడో కూడ మిషనే చెప్తదా?" అని అడిగాను. నవ్వింది. ముసలివాళ్ల చాదస్తానికి చదువుకున్న పిల్లలు నవ్వే నవ్వు అది. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

సీసాల కొలువు

అరవై తొమ్మిదిలో ఊళ్లో రోజూ ఊరేగింపులు, లాఠీలు నడుస్తున్నప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో చేరాను. మా బాపు మగ్గం నేసేవాడు. కొడుక్కి కొలువు దొరికిందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు గానీ, ఏం కొలువని అడిగితే మాత్రం మాట మార్చేవాడు. నన్ను కన్న అవ్వకు ఆ మొహమాటం లేదు. "మావోడు ఊరందరి ఉచ్చ చూస్తడు" అని వాడకట్టులో గట్టిగానే చెప్పేది. నా ఉద్యోగం గురించి అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి నా గొప్పతనం వల్ల రాలేదు, ఆగినవి నా తప్పు వల్ల ఆగలేదు. పై అధికారులను చాలామందిని చూశాను. సగం మందికి ల్యాబు ఎటువైపుందో తెలియదు. మిగతా సగానికి తెలుసు, వాసనని రారు. సీసా మీద రోగం పేరు ముందే రాసి పంపి, అదే అని తేల్చమనేవాళ్లు. అలాంటప్పుడు పరీక్ష దేనికయ్యా అని అడిగితే తలపొగరు అనేవాళ్లు.

నరహరి డాక్టరుగారు ఒక్కరే వేరు. కాలేయం జబ్బులంటే ఆయనకు పట్టుదల. ఆయనకూ కోపం ఎక్కువే, కానీ ఆ కోపం పని మీద ఉండేది. నేను చేరిన కొత్తలో ఒక సీసాలో కామెర్ల పసుపు పదార్థం ఉందో లేదో చూసి, ఉందని రాసి పంపాను. కాగితం పట్టుకుని స్వయంగా దిగి వచ్చారు. "అంగడికి పోయి ఒక్క దుకాణం చూసొచ్చి అంగడి ఎట్లున్నదో చెప్తవా?" అన్నారు. ఆ సాయంత్రం నుంచి నాకు అంగడంతా తిరగడం నేర్పారు.

అది పెద్ద మాయేం కాదు. అద్దం పలక మీద తెల్లటి పొడి పూత పూసి ఆరబెడతాం. అడుగున మూత్రం చుక్క పెట్టి పలకను ఘాటైన ద్రావకంలో నిలబెడతాం. ద్రావకం పైకి పాకుతూ చుక్కలోని పదార్థాలను ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తులో వదిలిపోతుంది. రంగు మందు చల్లితే మచ్చలు తేలతాయి. ఒంట్లోకి పోయినదాన్ని కాలేయం ఏం చేసింది, ఏది మార్చింది, ఏది బయటికి తోసింది అన్నది ఆ మచ్చల వరుసలో కనబడుతుంది. ఇప్పుడు దీనికి మెటబాలిక్ ప్రొఫైలింగ్ అని పేరు పెట్టి సూటు వేసుకుని చెబుతున్నారు. మేం లుంగీ మీద పాత ఆప్రాన్ కట్టుకుని "వరుస చూసుడు" అనేవాళ్లం.

రెండు సోమరి జవాబులు

కాలేయం చెడి వచ్చిన మనిషికి మా దగ్గర రెండు జవాబులు తయారుగా ఉండేవి. మగవాడైతే సారా, ఆడదైతే పసరు. చూడక్కర్లేదు, అడగక్కర్లేదు. మంచిర్యాల వైపు నుంచీ ధర్మపురి వైపు నుంచీ కామెర్లకు పసరు తాగి, అది ముదిరాక మా దగ్గరికి వచ్చేవాళ్లు నిజంగానే ఉండేవారు. పసరు పోసేవాణ్ని నిలదీస్తే, "చెట్టు మందు సారూ, మంచి చెయ్యకున్నా చెడు చెయ్యది" అనేవాడు. గన్నేరు కాయ కూడా చెట్టుదేరా, నమిలి చూడు అనాలనిపించేది. వాడు చదువుకోలేదు, సరే. డిగ్రీలున్నవాళ్లూ అదే పాట పాడితే ఏమనాలి? ప్రకృతి మనకు మేనత్త కాదు, ముద్దు చేసి గోరుముద్దలు తినిపించడానికి. చెట్టు తన గింజను కాపాడుకోవడానికి విషం పెట్టుకుంటుంది. మనం మధ్యలో దూరి తింటే అది దాని తప్పు కాదు.

పొట్టల ఊరు

ఎనభైల మొదట్లో ఆదిలాబాద్ జిల్లా అడవి అంచు ఊరి నుంచి మల్లయ్య అనే రైతు, ఆరేళ్ల బిడ్డ రాజవ్వను భుజాన వేసుకుని వచ్చాడు. ఊరి పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే బతుకుతున్నారు. పిల్ల కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం నెలలు నిండిన చూలాలికి ఉన్నంత. నీరు తీస్తే మళ్లీ నిండింది. కొన్ని వారాలకు అదే ఊరి నుంచి అవే పొట్టలతో ఇంకొందరు వచ్చారు. పెద్దలు, పిల్లలు, ఆడ, మగ అందరూ ఉన్నారు.

నరహరి గారు పైకి రాస్తే పట్నం నుంచి ఒక ప్రొఫెసరు తన బృందంతో దిగాడు. ఆయన్ని పెద్దసారు అంటాను, అసలు పేరుతో పనిలేదు. వార్డంతా ఒకసారి నడిచి, ఒక్క పొట్ట కూడా ముట్టుకోకుండా, "ఇప్పసారా. తాగితాగి కాలేయం గట్టిపడింది. ఇందులో వింతేముంది?" అన్నాడు.

మల్లయ్య లేచి నిలబడ్డాడు. "మేం పెద్దోళ్లం తాగుతం సార్, కాదనం. నా బిడ్డకు ఆరేండ్లు. అది ఏడ తాగుతది?"

పెద్దసారు అతని వైపు చూడలేదు. "ఏడవకుండా పడుకోవాలని తల్లులే పోస్తారు. రాసుకో" అని నాతో అన్నాడు. నేను కలం కదిలించినట్టు చేశాను. పెద్దసారు రాసింది చదవడు, రాస్తున్నారా లేదా అన్నదే చూస్తాడు.

నరహరి గారు పట్టు వదల్లేదు. ఆ ఏడు వానలు సరిగా లేక వరి పోయి, ఊరు ఊరంతా సామలు తిని బతుకుతోందని తెలుసుకున్నారు. తిండి గింజలు చూడనిదే సారా అని ఎట్లా తేలుస్తారని పెద్దసారు మొహం మీదే అడిగారు. అందరి ముందూ అడిగారు కాబట్టి పెద్దసారు ఊరికి బయలుదేరక తప్పలేదు.

జీపులో వెళ్లి తెచ్చిన గింజలు

మేం వెళ్లేసరికి ఊరి పటేలు వాకిట్లో షామియానా వేయించాడు. రోగాన్ని చూడటానికి వచ్చినవాళ్లకు షామియానా ఎందుకో ఆయనకే తెలియాలి. లోపల కోడి ఉడుకుతోంది. ఏ ఇంటి సామలు ఆ ఇంటివాళ్లు తెమ్మని చాటింపు వేయించాడట, అన్నీ ఆ వాకిట్లోకే చేరుతున్నాయి. ఒక మూల ఒక సన్నపాటి ముసలామె చాట పట్టుకుని అవన్నీ చెరుగుతోంది. చాట ఎగిరిన ప్రతిసారీ పొట్టు ఒకవైపు, రాయీ రప్పా ఒకవైపు, గింజ ఒకవైపు పోతున్నాయి.

"గామె లచ్చవ్వ సార్" అన్నాడు పటేలు గర్వంగా. "దాని చెయ్యి పడితె బెడ్డ మిగలది. పట్నం సార్లకు ఇచ్చేటియి, ఒక్క రాయి లేకుంట చెరుగుమన్న."

లచ్చవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు, భూమి లేదు. పాత వడ్లు మిగిలిన పటేలింట్లోనూ ఇంకా నాలుగిండ్లలోనూ దంచి, చెరిగి, వాళ్లిచ్చే బియ్యం నూకలు వండుకుని బతికేది. ఆ పూట అందరికంటే ఎక్కువ పని చేసింది ఆమే.

కోడి కూరతో భోజనం ముగించి పెద్దసారు గుడ్డ సంచుల్లోని సామలను అరచేతిలో పోసుకుని చూశాడు. "ముత్యాల్లా ఉన్నాయి. ఇంత శుభ్రమైన తిండి తినేవాళ్లకు తిండి వల్ల జబ్బు రావడం ఏమిటి?" అన్నాడు. పట్నం పోయాక పరీక్షలు చేయించాడు. ఏం దొరకలేదు. దొరకదు కూడా. ధాన్యంలో విషం లేదు, కారణం మద్యపానం అని రిపోర్టు రాసి, ముద్ర కొట్టి, ఒక ప్రతి ఊరికి కూడా పంపాడు.

రిపోర్టు ఊరికి చేసిన మేలు

రాజవ్వ వార్డులో ఉన్నన్నాళ్లు ఆస్పత్రి అన్నం తిని కొంచెం తేరుకుంది. ఇంటికి పోయింది. మళ్లీ పొట్ట పొంగితే మల్లయ్య మళ్లీ ఎత్తుకొచ్చాడు. ఈసారి బిడ్డ గురించి కాక వేరే ఏదో చెప్పాలని నా చుట్టూ తిరిగాడు.

"గింజలల్ల ఏం లేదని మీ సార్లే రాసిచ్చిన్రు. పోరగాండ్లు సారా తాగలేదని మాకెర్కే. ఇగ మిగిలిందేంది సార్?" అన్నాడు. "బాణామతి అంటున్నరు. లచ్చవ్వ చేసిందంట."

"ఆమెనే ఎందుకు?"

"అందరిండ్లల్ల పొట్టలొచ్చినయి. దానింట్ల రాలే."

"పటేలింట్ల వచ్చిందా?"

"పటేలు మాట వేరు సార్" అన్నాడు తల దించుకుని. "అమాస దాటినంక దాని నోట్ల పండ్లు రాలగొడ్తరట. పండ్లు లేకుంటె మంత్రం పలుకదని. నేను వద్దనే అన్న. గరీబోని మాట ఎవలింటరు?"

చదువుకున్నవాడు ముద్ర కొట్టి ఒక అబద్ధం రాస్తే అది కాగితం మీదే ఉండిపోతుందని అనుకోకండి. అది బస్సెక్కి ఊరికి పోతుంది. ఊళ్లో ఎవరికి దిక్కు లేదో వాళ్లను వెతుక్కుంటుంది.

అవ్వ చాట

ఆ ఆదివారం నరహరి గారిని మా ఇంటికి భోజనానికి పిలిచాను. పొద్దున్నే అవ్వ గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఒకసారి చెరిగి, మళ్లీ చెరిగి, పరిచి ఏరుతోంది. నా మనసు లచ్చవ్వ మీద ఉంది. ఏదో మాట్లాడాలని, "రోజు గింతసేపు చెరుగుతవా అవ్వా?" అన్నాను.

"మనం తినేదానికి గింత చూస్తమా?" అంది అవ్వ. "బెడ్డనో గిడ్డనో తగిలితె ఉమ్మేస్తం. సారు వస్తుండు గద. బయటోళ్లకు రాళ్ల బువ్వ పెట్టి ఇజ్జత్ తీసుకుంటమా?"

నేను చెప్పులు వేసుకుని నరహరి గారింటికి పరుగెత్తాను. మేం తెచ్చిన సామలు ఊరు తినే సామలు కావు, ఊరు సార్లకు పెట్టే సామలు. ఆయన విని, తల పట్టుకుని, తర్వాత నవ్వారు. మా మీద మాకే అసహ్యం వేసినప్పుడు వచ్చే నవ్వు అది. "గింజలు చెరిగి ఇస్తరయ్యా. ఉచ్చను చెరిగి ఇయ్యలేరు గద. పో, ఊరికి పోయి సీసాలు నింపుక రా" అన్నారు. భోజనం సంగతి ఇద్దరం మరిచిపోయాం. అవ్వ వారం రోజులు నన్ను తిట్టింది.

వరుసలో ఊదా మచ్చ

షామియానా లేకుండా బస్సులో వెళ్లాను. మల్లయ్య ఇంటి గుమ్మి అడుగు నుంచి చెరగని సామలు పిడికెడు తీయించాను. చాలా గింజల మధ్య నల్లగా, చిన్న మూత్రపిండం ఆకారంలో వేరే గింజలు ఉన్నాయి. చేనికి పోతే వాటి మొక్క కనబడింది. ఎండిన కాయను ఊపితే పిల్లల గిలకలాగా గలగలమంటుంది. వానల్లేక సామలు పలచబడిన చోటల్లా అదే మొలిచింది. కోతలో కలిసింది, కళ్లంలో కలిసింది, గుమ్మిలో కలిసింది. కరువు ఏడు ఎవరు కూర్చుని ఏరుతారు?

దాని విషం తమాషా అయిందని నరహరి గారు పుస్తకాలు తిరగేసి చెప్పారు. గింజలో ఉన్నప్పుడు అది పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి పోయాక కాలేయమే దాన్ని విరిచి విషం చేస్తుంది, ఆ విషం కాలేయంలోని సన్న సిరలనే మూసేస్తుంది. నెత్తురు దారి లేక నీరంతా పొట్టలోకి దిగుతుంది. కాబట్టి కాలేయం విరిచి బయటికి తోసిన ముక్కల కోసం వెతకాలి. అవి కూడా తింటున్నంతకాలమే కనబడతాయి, ఆస్పత్రి అన్నం తిన్న కొన్నాళ్లకు మాయమవుతాయి. మొదట్లో వార్డులో పడుకున్నవాళ్ల సీసాలు నేను చూసినప్పుడు ఏమీ ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది.

పొట్టలొచ్చినవాళ్లవీ, అదే గుమ్మి గింజలు తింటూ ఇంకా బాగానే ఉన్నవాళ్లవీ, లచ్చవ్వదీ సీసాలు తెచ్చాను. మా ఊరి తాగుబోతులవీ పక్కన పెట్టాను. పలకల మీద సామలు తిన్న అందరి వరుసల్లోనూ ఒకే ఎత్తులో ఊదా రంగు మచ్చ తేలింది. తాగుబోతుల వరుసల్లో లేదు. నూకలు తినే లచ్చవ్వ వరుసలోనూ లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఎందుకు బాగుందో ఆ ఖాళీ చోటే చెబుతోంది.

నరహరి గారూ నేనూ ఆ పలకలతో ఊరికి పోయాం. పటేలు చాయ్ తాగించి, "ముద్ర ఉన్న కాయితం ఒక తీరు చెప్పవట్టె, మీరొక తీరు చెప్పవడ్తిరి. ఏది నమ్మాలె సార్?" అన్నాడు. ఆ కాగితం మార్చవలసినవాడు పెద్దసారు. నేను పట్నం పోయి ఆయన ముందు పలక పెట్టాను.

"కామెర్లవాడి మూత్రం మీద ఈ మందు చల్లితే ఎర్రబడుతుంది. ఫస్టియర్ పిల్లాడికి కూడా తెలుసు" అన్నాడు.

"ఆ ఎరుపు ఇక్కడుంది సార్, ఈ ఎత్తులో. ఊదా వేరే ఎత్తులో ఉంది. వరుసంతా చూడండి" అన్నాను.

"ఎలుకలకు ఆ గింజలు పెట్టి ఇదే మచ్చ చూపించు. అప్పుడు చూద్దాం."

అడగాల్సిన మాటే. సైన్సులో తప్పు లేదు. ఎలుకల ఫలితం వచ్చేదాకా రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాసివ్వమని బతిమాలాను. ఒక ముసలామె పళ్లు రాలగొడతారు సార్ అని కూడా చెప్పాను. "మూఢనమ్మకాలు మన శాఖ కాదు" అన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు, నేను కల్పించలేదు.

తెల్ల ఎలుకలను బుట్టలో పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు. వాటికి గింజలు పెట్టాను. అవి తిన్నాయి. అమావాస్య కూడా దాటింది.

ఎలుకల వరుసలో అదే ఎత్తులో ఊదా మచ్చ తేలిన రోజునే మల్లయ్య లచ్చవ్వను ఎడ్లబండిలో బస్సు దాకా, బస్సులో మా దాకా తెచ్చాడు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. కొంగు తీస్తే ముందు పళ్లు కిందా పైనా ఒక్కటీ లేవు. నరహరి గారు వార్డు బయటికి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. కేసు అయిందా అంటారా? ఎస్సై ఊరికి వచ్చి, పటేలింట్లో కోడి తిని పోయాడు. ఆ ఇంటి కోళ్లు ఎంతమంది సార్ల నోరు మూశాయో లెక్క లేదు.

పలకల ఫోటోలు పట్నం చేరాక రిపోర్టు మారింది. ఆ సామలు కాల్చేసి ఊరికి జొన్నలు పంపారు. కొత్తగా పొట్టలు రాలేదు. రాజవ్వ తేరుకుంది. తొంభైల్లో ఒకసారి హైదరాబాద్‌లో ఒక సభకు పోతే, పెద్దసారు రిటైరైన తర్వాత కూడా కోటు వేసుకుని, రంగుల స్లైడ్లు వేసి, సహజ విషాల మీద మెటబాలిక్ ప్రొఫైలింగ్ అంటూ మా ఊదా మచ్చ చూపిస్తున్నాడు. "మొదటి రోజే నాకు ధాన్యం మీద అనుమానం వచ్చింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను బయటికి వచ్చి చాయ్ తాగాను.

సుజాతా, నీ మిషను మంచిదే. నా పలక మీద ఒక మచ్చ తేలేచోట నీకు వంద గీతలు లేస్తాయి. కానీ సీసా నీ బల్ల మీదికి వచ్చేలోపు దాన్ని ఎవరు నింపారో, ఎవరి ముందు నింపారో, ఎవరి ఇజ్జత్ కోసం ఏది తీసేసి నింపారో పోయి చూసి రా. పోలేనంటే ఆ కంపెనీలో లెక్కలు రాసే పని అడుగు.

జొన్నలు పంపిన ఏడాదే మళ్లీ ఒకసారి ఆ ఊరికి పోయాను. ఎవరు ఏం తింటున్నారో చూసి రమ్మని నరహరి గారు పంపారు. లచ్చవ్వ అప్పుడు మల్లయ్య ఇంటి పంచన ఉంటోంది. చాటలో జొన్నలు చెరుగుతోంది, రాజవ్వ పక్కన కూర్చుని పొట్టు ఊదుతోంది. నన్ను చూసి లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒకటడుగుత సారూ" అంది. పళ్లు లేక మాట జారుతోంది. "గింజలల్లనే ఉండె అంటున్నరు గద. మరి మొదలు పట్నం సార్లు కొంచవోయిన గింజలల్ల ఎందుకు దొరకలే?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"చెరిగి ఇచ్చిన్రు గద అవ్వా" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. ఒళ్లోని చాట వైపు చూసింది.

"నేనే గద సారూ చెరిగింది" అంది. "ఒక్క రాయి లేకుంట చెరుగుమన్నరు. చెరిగిన."